ఆ సున్నా ఎవరిది?

(శివకాశిలో తెలుగు యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఫుట్‌బాల్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. కోవిల్‌పట్టి నుంచి వచ్చినవాళ్లు, మాది హాకీ ఊరు, మాకెందుకు ఫుట్‌బాల్ అనుకోవచ్చు. విరుదునగర్ వాళ్లకు క్రికెట్ మీద మనసు ఉండొచ్చు. ఫరవాలేదు. ఏ ఆటలోనైనా వెనుక నిలబడేవాళ్లు ఉంటారు. ఈ పూట మా మాటలన్నీ వాళ్ల గురించే. గోల్ కొట్టినవాడి గురించి చెప్పడానికి ఊరంతా ఉంది. గోల్ పడకుండా ఆపినవాడి గురించి చెప్పేవాళ్లు తక్కువ.

1970లో బ్యాంకాక్‌లో ఆసియా క్రీడలు జరిగాయి. ఫుట్‌బాల్‌లో మూడో స్థానం కోసం భారత్, జపాన్ తలపడ్డాయి. ఆ జపాన్ మామూలు జట్టు కాదు. రెండేళ్ల ముందే, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచి వచ్చింది. మనవాళ్లు 1-0తో గెలిచారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి వచ్చిన చివరి పతకం అదే. ఐదు దశాబ్దాలు దాటిపోయినా మరొకటి రాలేదు.

ఇప్పుడు ఆ 1-0 ను ఒకసారి చూడండి. ఆ ఒకటి ఎవరిదో అందరూ అడుగుతారు. గోల్ కొట్టినవాడి పేరు, కొట్టిన నిమిషం రికార్డులో రాస్తారు. మరి ఆ సున్నా ఎవరిది? తొంభై నిమిషాలు కాళ్లు అడ్డం పెట్టి, తల అడ్డం పెట్టి, దెబ్బలు తిని నిలబెట్టిన ఆ సున్నా కింద ఎవరి పేరూ రాయరు. ఆ రోజు మన జట్టు కెప్టెన్ ఒక డిఫెండర్. ఆయన హైదరాబాదు మనిషి. పేరు సయ్యద్ నయీముద్దీన్.

మీలో ఎంతమంది ఆ పేరు విన్నారని చేతులెత్తమని అడగము. తెలుగు నేల మీద పుట్టి భారత ఫుట్‌బాల్ జట్టుకు నాయకత్వం వహించిన మనిషి పేరు మన ఇళ్లలో వినిపించదు. అది ఆయన లోటు కాదు.

నయీముద్దీన్ 1944లో పుట్టారు. ఆయన బాల్యం నాటికి హైదరాబాదు దేశంలోనే పేరున్న ఫుట్‌బాల్ ఊరు. దానికి ముఖ్య కారణం ఒక బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీం అనే ఆ ఉపాధ్యాయుడు హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. రహీం గారి పద్ధతులు కొత్తగా ఉండేవి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో మాత్రమే ఆడాలని షరతు పెట్టి పోటీలు నడిపేవారట. బలహీనమైన కాలికి కూడా పని నేర్పడమన్నమాట. డిఫెండర్‌కు ఇది ప్రాణం లాంటి విద్య. ఎదుటివాడు ఏ పక్క నుంచి వస్తాడో ముందుగా చెప్పి రాడు కదా.

ఆ పోలీసు జట్టులో వెనుక నిలబడ్డవాడు సయ్యద్ ఖ్వాజా అజీజుద్దీన్. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌కు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన జట్లలో ఆయన ఉన్నారు. హెల్సింకీలో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. మనవాళ్లలో ఎక్కువమంది వట్టి కాళ్లతో ఆడారు. ఆ చలిలో, ఆ తడి గడ్డి మీద, మేకుల బూట్ల ముందు వట్టి పాదం పెట్టి బంతి ఆపడం ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆ తర్వాతే మన ఆటగాళ్లకు బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో అదే భారత్ సెమీఫైనల్ దాకా వెళ్లి నాలుగో స్థానంలో నిలిచింది. ఓడిపోయాక వెనుక వాళ్ల మీద కోప్పడి ఊరుకోకుండా వాళ్ల కాళ్లకు బూట్లు తొడిగితే ఏమవుతుందో ఈ నాలుగేళ్లు చూపిస్తాయి.

బూట్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకరిని తలచుకుందాం. ఆయన డిఫెండర్ కాదు, ముందు ఆడినవాడు. సికిందరాబాదు పక్కన అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం. పాత పోలీసు బూట్ల తోలుతో ఒక చెప్పులు కుట్టే మనిషి ఆయనకు తొలి బూట్లు తయారుచేసి ఇచ్చాడని చెప్తారు. ఆ బూట్లతో మొదలైన కాళ్లు రెండు ఒలింపిక్స్ ఆడాయి, 1962 జకార్తా స్వర్ణం తెచ్చాయి. ఊపిరితిత్తుల జబ్బుతో ఇరవై ఏడేళ్ల లోపే ఆట మానుకోవలసి వచ్చింది. ఆయనకు అర్జున అవార్డు వచ్చింది. ఆ బూట్లు కుట్టిన చేతుల పేరు మాత్రం ఎక్కడా లేదు. ఈ ప్రాంతంలో తోలుపని, చెప్పుల పని చేసిన మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి గనుక ఈ మాట ఇక్కడ చెప్పకుండా ఉండలేకపోతున్నాము.

మళ్లీ నయీముద్దీన్ దగ్గరకు వద్దాం. 1966లో ఆయన కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. తర్వాత మోహన్ బగాన్‌కూ ఆడారు. కలకత్తాలో ఈ రెండు క్లబ్బుల వైరం తెలిసినవాళ్లకు దీని బరువు అర్థమవుతుంది. నిన్న మా గోడ అన్నవాడు ఇవాళ వాళ్ల గోడ. అయినా రెండు వైపులా ఆయన్ను గౌరవించారు. మోహన్ బగాన్ క్లబ్బు తన అత్యున్నత పురస్కారమైన మోహన్ బగాన్ రత్నను చాలా ఏళ్ల తర్వాత ఆయనకు ఇచ్చింది.

కలకత్తాకే ఎందుకు వెళ్లాలి? అక్కడే కాలికి కూలి దొరికింది కాబట్టి. కలకత్తా అనగానే శివకాశి పెద్దలకు వేరే సంగతి గుర్తుకొస్తుంది. 1922లో ఈ ఊరి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకుని వచ్చారు. 1923లో ఇక్కడ పని మొదలుపెట్టారు. ఇవాళ మీ ఇళ్లలో పొయ్యి వెలుగుతున్నది ఆ ప్రయాణం వల్లనే. వానలు నమ్మలేని నల్లరేగడి నేల మనుషులు పని వెతుక్కుంటూ దూరం పోవడం కొత్త కాదు. మన పూర్వులు ఆంధ్ర దేశం నుంచి ఇక్కడిదాకా వచ్చింది కూడా బతుకు వెతుక్కుంటూనే. హైదరాబాదు కుర్రాడు కలకత్తా వెళ్లడం ఆ వరసలోదే.

అయితే ఆ రోజుల్లో మన దేశంలో ఫుట్‌బాల్ ఆడటం ఉద్యోగం కింద లెక్క కాదు. పేరుకు అందరూ సరదా ఆటగాళ్లే. పోలీసులోనో, రైల్వేలోనో, సైన్యంలోనో ఉద్యోగం ఇచ్చి ఆడించేవారు. ఆ ఉద్యోగమే అన్నం. ఆట ఆగిపోయినా నెల జీతం ఆగదు. ఈ ఏర్పాటును ఈ రోజుల్లో కొందరు ఎగతాళి చేస్తారు. మాకు మాత్రం అది ఎగతాళి చేయదగిన సంగతిగా తోచదు. మోకాలు విరిగిన డిఫెండర్ ఇంట్లో అన్నం ఉడకడానికి ఆ ఉద్యోగం ఎంత ఆసరాగా నిలిచిందో ఆ ఇల్లాలిని అడగాలి.

ఇంగ్లండులో కథ వేరు. అక్కడ ఆట ఉద్యోగమే, కానీ ఎలాంటి ఉద్యోగమో వినండి. 1961 జనవరి దాకా ఎంత గొప్ప ఆటగాడికైనా వారానికి 20 పౌండ్లకు మించి ఇవ్వరాదని నిబంధన. మైదానం నిండా వేలమంది టికెట్ కొని కూర్చున్నా సరే. పైగా ఒప్పందం ముగిసినా క్లబ్బు వదలకపోతే ఆటగాడు వేరే చోటికి పోలేడు. ఆటగాళ్ల సంఘం సమ్మెకు సిద్ధమైతే తప్ప ఆ జీతం గీత చెరగలేదు. ఒక ఆటగాడు కోర్టుకెక్కి 1963లో గెలిస్తే తప్ప ఆ కట్టు సడలలేదు.

ఆ కాలంలో ఆడిన ఒక ఇంగ్లిషు డిఫెండర్ జీవితం మీకు కొంచెం వివరంగా చెప్పాలి. పేరు జాక్ చార్ల్‌టన్. 1935లో ఆషింగ్టన్ అనే బొగ్గుగని ఊళ్లో పుట్టాడు. తండ్రి గని కార్మికుడు. శివకాశిలో పుట్టినవాడి ముందు అగ్గిపెట్టెల పని ఎలా ఎదురుచూస్తూ ఉంటుందో, ఆషింగ్టన్‌లో పుట్టినవాడి ముందు గని అలా ఎదురుచూసేది. పదిహేనేళ్లకు లీడ్స్ క్లబ్బు రమ్మంటే మొదట వద్దన్నాడు, తండ్రితో పాటు గనిలోకి దిగాడు. కొద్దికాలానికే ఆ పని తన వల్ల కాదని తేలిపోయింది. అప్పుడు క్లబ్బు గుమ్మం ఎక్కాడు. ఇరవై ఏళ్లకు పైగా ఆ ఒక్క క్లబ్బులోనే ఉన్నాడు. మొత్తం 773 మ్యాచ్‌లు. పొడుగు మనిషి, మెడ జిరాఫీ మెడలా ఉందని ఆటపట్టించేవారు. సెంటర్ హాఫ్‌గా ఆయన పని గాల్లో వచ్చిన ప్రతి బంతినీ తలతో బయటికి కొట్టడం. ఇంగ్లండు జట్టులోకి పిలుపు వచ్చేసరికి ముప్ఫైకి నెల తక్కువ. ఏడాది తిరిగాక, 1966లో, తమ్ముడు బాబీతో కలిసి ప్రపంచకప్ గెలిచాడు. కొడుకులిద్దరూ ఆ సెమీఫైనల్ ఆడుతున్న వేళ తండ్రి గనిలో షిఫ్టులో ఉన్నాడు. సెలవు పెట్టలేదు.

1973లో ఆట మానేశాక కోచ్ అయ్యాడు. ఐర్లండు జట్టును 1990 ప్రపంచకప్‌లో క్వార్టర్‌ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. పేరూ డబ్బూ వచ్చాయి. 1984లో బ్రిటన్ గని కార్మికులు ఏడాది పాటు సమ్మె చేసినప్పుడు, సమ్మె శిబిరాలకు వెళ్లిరావడానికి కార్మికులకు తన కార్లు ఇచ్చాడు. ఎక్కడి నుంచి బయటపడ్డాడో ఆ చోటిని మరిచిపోలేదు. మాకు ఆయన ప్రపంచకప్ పతకం కంటే ఆ కారు తాళాలు పెద్దవిగా కనిపిస్తాయి.

2020 జులైలో ఆయన చనిపోయాడు. చివరి రోజుల్లో మతిమరుపు జబ్బు, దాన్నే డిమెన్షియా అంటారు, ఆయన్ను పట్టుకుంది. ఆయన ఒక్కడినే కాదు. 1966లో ఫైనల్ ఆడిన పదకొండుగురిలో ఐదుగురికి ఆ జబ్బు వచ్చింది. జాక్, తమ్ముడు బాబీ, ఎడమ పక్క డిఫెండర్ రే విల్సన్, నాబీ స్టైల్స్, మార్టిన్ పీటర్స్. పాత రోజుల్లో తోలుబంతి తడిస్తే రాయిలా బరువెక్కేదని అంటారు. జెఫ్ ఆస్టల్ అనే పేరున్న ఆటగాడు 2002లో చనిపోయినప్పుడు, విచారణ జరిపిన అధికారి అది వృత్తి వ్యాధి వల్ల వచ్చిన మరణమని తేల్చాడు. వృత్తి వ్యాధి అనే మాట ఈ ఊళ్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

తర్వాత గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్లు లెక్క తీశారు. స్కాట్లండులో వృత్తిగా ఆడి మానేసిన 7,676 మంది వివరాలను మామూలు జనంతో పోల్చి చూశారు. మెదడు క్షీణించే జబ్బులతో చనిపోయే అవకాశం ఆటగాళ్లలో సుమారు మూడున్నర రెట్లు ఎక్కువని 2019లో ప్రకటించారు. 2021లో ఇంకొంచెం లోతుకు వెళ్లి, ఏ స్థానంలో ఆడినవాడికి ఎంత ముప్పో చూశారు. గోల్‌కీపర్లకు మామూలు మనుషులతో దాదాపు సమానం. అందరికంటే ఎక్కువ డిఫెండర్లకు, సుమారు ఐదు రెట్లు. సున్నా కాపాడినవాళ్లు తలతో బాకీ తీర్చారు.

భయపడి పిల్లలను ఆట మాన్పించకండి. అదే పరిశోధనలో ఆటగాళ్లకు గుండెజబ్బు మరణాలు తక్కువని కూడా తేలింది. పరుగెత్తడం మంచిదే. ముప్పంతా పదే పదే తలతో కొట్టడంలో ఉంది. అందుకే 2020 ఫిబ్రవరిలో ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం, పదకొండేళ్ల వరకు పిల్లలకు శిక్షణలో హెడ్డింగ్ నేర్పవద్దని సూచించింది. పెద్ద ఆటగాళ్లకు కూడా, గట్టిగా తగిలే హెడ్డింగ్‌లు శిక్షణలో వారానికి పదికి మించకూడదని 2021లో చెప్పింది.

తల అనగానే మన జర్నైల్ సింగ్ గుర్తుకు వస్తాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఆయన మన జట్టు ప్రధాన డిఫెండర్. మధ్యలో ఒక మ్యాచ్‌లో తల పగిలి కుట్లు పడ్డాయి. కోచ్ రహీం ఆయన్ను వెనుక ఆడించకుండా, కట్టుతోనే ముందు వరసలో నిలబెట్టారు. సెమీఫైనల్‌లో గోల్ కొట్టాడు. ఫైనల్‌లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచిన మ్యాచ్‌లో మరొకటి కొట్టాడు. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం గారు మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు. వీరగాథగా ఈ కథ అందరూ చెప్తారు. మేమూ చిన్నప్పుడు అలాగే విన్నాము. గ్లాస్గో లెక్కలు చదివాక మాత్రం ఆ తలకట్టు వేరేగా కనిపిస్తోంది. ఇంకో సంగతి కూడా. అన్నేళ్లు గోడలా నిలబడిన మనిషి జనానికి గుర్తుండిపోయింది ముందుకెళ్లి కొట్టిన గోల్స్ వల్ల. ఆ జట్టు వెనుక వరసలో ఉన్న చంద్రశేఖర్, త్రిలోక్ సింగ్, అరుణ్ ఘోష్ పేర్లు ఎంతమంది చెప్పగలరు?

ఆ స్వర్ణ జట్టులోనే మన హైదరాబాదు యూసుఫ్ ఖాన్ ఉన్నారు. చివరి ఏళ్లు పార్కిన్సన్స్ జబ్బుతో గడిపి 2006లో పోయారు. దానికి ఆటే కారణమని మేము అనడం లేదు. దేశానికి పతకం తెచ్చిన మనిషి చేతులు వణుకుతున్నప్పుడు పక్కన ఎవరున్నారు అన్నదే మా ప్రశ్న.

బైబిలు చదివేవాళ్లకు ఒక సంగతి. దినవృత్తాంతాల మొదటి గ్రంథం తొమ్మిదో అధ్యాయంలో ద్వారపాలకుల పేర్లున్నాయి. షల్లూము, అక్కూబు, టల్మోను, అహీమాను. మొత్తం రెండు వందల పన్నెండు మంది అని లెక్క కూడా రాసి పెట్టారు. ఆ పేర్ల వరస వచ్చేసరికి మనం గబగబా పేజీ తిప్పేస్తాం. కానీ రాజులను, యుద్ధాలను రాసిన చేయి, గుమ్మం దగ్గర రాత్రంతా కాపలా కాసినవాళ్ల పేర్లను కూడా విడిచిపెట్టలేదు.

ఈ ఊళ్లో ఆ సున్నా ఎలా ఉంటుంది? బాణసంచా కర్మాగారంలో ప్రమాదం జరగని రోజు పేపర్లో రాదు. మందు కలిపే గదిలో ఇంతమందే ఉండాలి అని గట్టిగా నిలబడే మేస్త్రీని, ఎండ ఎక్కింది, పని ఆపండి అని చెప్పే అక్కను ఎవరూ శాలువా కప్పి సన్మానించరు. 2012 సెప్టెంబరు 5న ముదలిపట్టిలో జరిగింది మీలో చాలామందికి ఇంకా కళ్ల ముందే ఉంది. అలాంటి రోజు రాకుండా ఆపేవాళ్లే ఈ ఊరి డిఫెండర్లు. వాళ్లు గెలిచిన రోజు స్కోరుబోర్డు మీద కనిపించేది సున్నాయే.

పిల్లల సంగతీ అంతే. అగ్గిపెట్టెల పనిలో చిన్నపిల్లలను పెట్టడం మీద 1996 డిసెంబరు 10న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అది శివకాశి గురించి వేసిన కేసే. చట్టానికి విరుద్ధంగా పెట్టుకున్న ఒక్కొక్క పిల్లవాడికి యజమాని 20,000 రూపాయలు కట్టాలంది. సరిగ్గా అదే కాలంలో సరిహద్దుకు అవతల సియాల్‌కోట్‌లో పిల్లలు ఫుట్‌బాళ్లు కుడుతున్నారన్న సంగతి ప్రపంచమంతా తెలిసింది. 1997 ఫిబ్రవరిలో అమెరికాలోని అట్లాంటా నగరంలో దాన్ని ఆపడానికి ఒప్పందం కుదిరింది. మన జలంధర్‌లోనూ ఇదే సమస్య ఉండేది. బంతి కుట్టిన పిల్లవాడికి ఆ బంతితో ఆడే వేళ లేదు. మతాబు చుట్టిన పిల్లకు దీపావళి లేదు. ఇక్కడ కూర్చున్న అమ్మలు, నాన్నల్లో ఆ వయసులో పుల్లలు పేర్చినవాళ్లు ఉన్నారు. మీ పిల్లలు ఇవాళ బూట్లు వేసుకుని కూర్చున్నారంటే, వాళ్లకూ ఆ పనికీ మధ్య మీరు నిలబడ్డారు. చాలామంది తల్లులు ఆ అడ్డు నిలబడటానికి రెండు షిఫ్టులు చేశారు.

ఇక నయీముద్దీన్ ఆట మానేశాక ఏం చేశారన్నది మిగిలింది. 1970లో అర్జున, 1990లో ద్రోణాచార్య. మన ఫుట్‌బాల్‌లో ఆడినందుకూ నేర్పినందుకూ ఇలా రెండూ అందుకున్నవాళ్లు ఆయన తప్ప మాకు ఎవరూ తోచరు. 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఒకే ఏడాది ఐ.ఎఫ్.ఏ. షీల్డు, డ్యూరాండ్, రోవర్స్ మూడూ గెలిచింది. భారత జట్టుకు కోచ్‌గా 1997లోను, 2005లోను దక్షిణాసియా ఛాంపియన్‌షిప్ గెలిపించారు. బంగ్లాదేశ్ జట్టుకూ నేర్పారు. క్రమశిక్షణ విషయంలో ఆయన చాలా కఠినమని పేరు. తిండి, నిద్ర, వేళ, అన్నీ లెక్కే. కొందరు ఆటగాళ్లకు అది నచ్చలేదు. కఠినత్వం మీద మాకు రెండు అభిప్రాయాలున్నాయి గానీ, డిఫెండర్ కోచ్ అయితే అలాగే ఉంటాడేమో. ముందు ఆడేవాడు పది తప్పులు చేసి ఒక్క గోల్ కొడితే దేవుడు. వెనుక ఆడేవాడు తొంభై నిమిషాలు సరిగా నిలబడి ఒక్కసారి కాలు జారితే మర్నాటి పేపర్లో అతనే దోషి. అలా బతికిన మనిషి వేళకు రాని కుర్రాడిని ఎలా ఓర్చుకుంటాడు?

తల్లిదండ్రులు మమ్మల్ని తరచుగా అడిగే మాట ఒకటుంది. ఆట అన్నం పెడుతుందా అని. అందరికీ పెట్టదు. నయీముద్దీన్ లాంటివాళ్లు లక్షకొకరు. కాబట్టి చదువు మాని ఆడమని ఏ పిల్లవాడికీ మేము చెప్పము. క్రీడా కోటా కింద కాలేజీ సీట్లు, ఉద్యోగాలు ఉన్నాయి. వాటికి జిల్లా స్థాయి, రాష్ట్ర స్థాయి పోటీల సర్టిఫికెట్లు కావాలి. ఆడిన ప్రతి పోటీ కాగితాన్ని రేషన్ కార్డుతో పాటు ట్రంకుపెట్టెలో దాచండి. ఆడపిల్లల కాగితాలు కూడా. పెళ్లయ్యాక ఇవి దేనికి అని పారేస్తున్న ఇళ్లు మాకు తెలుసు.

యువజనులకు ఒక పని అప్పజెబుతున్నాము. మీ ఊళ్లో ఒకప్పుడు ఆడి ఇప్పుడు మంచాన ఉన్న పాత ఆటగాళ్లు, హాకీ అయినా, కబడ్డీ అయినా, ఎవరున్నారో వెతకండి. వాళ్లు ఏ స్థానంలో ఆడారో, ఇప్పుడు ఆరోగ్యం ఎలా ఉందో, పింఛను వస్తోందో లేదో రాసుకుని రండి. పింఛనుకు అర్హులైనవాళ్ల దరఖాస్తులు మన సంఘం తరఫున నింపిపెడతాము. వెనుక వరసలో ఆడినవాళ్లను ముందు అడగండి.

సాయంత్రం ఐదు గంటలకు ఆట. పదకొండేళ్ల లోపు పిల్లలు వేరే గుంపుగా ఆడతారు. వాళ్ల ఆటలో తలతో కొడితే ఫౌలే. రిఫరీలకు ముందే చెప్పాము. పెద్దవాళ్ల మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలినవాడు, నాకేం కాలేదు అన్నా సరే, ఆ రోజుకు మళ్లీ దిగడు. కట్టు కట్టుకుని ఆడతానని ఎవరూ అడగొద్దు. కోవిల్‌పట్టి వాళ్లు కడలై మిఠాయి తెచ్చారట, విరామంలో పంచుతారు. గెలిచిన జట్టులో గోల్ కొట్టినవాడి పేరుతో పాటు వెనుక ఆడిన నలుగురి పేర్లూ, గోల్‌కీపర్ పేరూ మైకులో చదువుతాము. అందుకని దిగే ముందు మీ పేర్లు బల్ల దగ్గర రాయించండి.